రెండో గీత

కళ్లజోళ్ల షాపులో అందరూ ఆమెను ఎదురుగా అక్కా అనేవాళ్లు, వెనకాల భూతద్దం అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. కోపమేం లేదు. పొద్దున వచ్చింది మొదలు షాపు మూసేదాకా కుడికంటికి చిన్న నల్లటి భూతద్దం బిగించుకుని, సానచక్రం ముందు కూర్చుని, అద్దాలను ఫ్రేముల కొలతకు అరగదీయడం ఆమె పని. షాపు ముందు భాగమంతా వెలుతురు, నిలువుటద్దాలు, మాటలు, బేరాలు. ఆమె ఉండేది వెనక గదిలో. చక్రం మీద సన్నగా నీళ్లు కారుతూ ఉంటాయి. అద్దం పొడి ఆ నీళ్లలో కలిసి పాలలా తెల్లగా బకెట్లోకి దిగుతుంది. ఆ గదిలోకి ఎవరైనా వచ్చారంటే ఏదో అర్జెంటు పని పడిందనే.

అప్పటికి ఆమెకు నలభై దాటాయి. పెళ్లి కుదరలేదని తమ్ముడు చెప్పేవాడు, తనే వద్దనుకున్నానని ఆమె చెప్పేది. రెండు మాటలూ ఇంట్లో చాలాకాలంగా చెలామణిలో ఉన్నాయి కాబట్టి ఏది నిజమో ఎవరూ తేల్చుకోబోలేదు. తమ్ముడి కుటుంబంతోనే ఉండేది. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు, వంటింటి పక్కన మంచం పట్టేంత చిన్న గది ఆమెది. తమ్ముడు బేకరీ వ్యాను నడుపుతాడు, తెల్లారకముందే వెళ్లిపోతాడు. మరదలు సూపర్‌మార్కెట్లో బిల్లులు కొడుతుంది, ఆమెదీ పొద్దుటి డ్యూటీయే. కాబట్టి నాలుగేళ్ల మేనకోడల్ని లేపి, మొహం కడిగి, తినిపించి, బడి దగ్గర దింపడం మేనత్త వంతు.

ఆ పిల్లకి ఆమె పెట్టిన పేరు చిట్టెలుక. ఏది పెట్టినా ముందు పళ్లతో ఇంత కొరికి, చప్పరించి, ఆ తర్వాత తినాలా వద్దా అని నిర్ణయించేది. వేడిగా ఉంటే నోరు తెరిచేది కాదు. అందుకని మేనత్త చెంచాడు తీసి, ఊది, పెదవికి ఆనించి చూసుకుని, "చల్లారింది, తిను ఎలుకమ్మా" అని నోట్లో పెట్టేది. సగం గిన్నె దాకా పిల్ల, మిగతా సగం ఈమె. ఇద్దరికీ ఒకటే చెంచా. రోజంతా ఆమె ఎవరితోనైనా మాట్లాడిందంటే ఆ ముప్పావుగంటలోనే. తర్వాత సానచక్రం హోరులో మాట్లాడాలన్నా వినేవాళ్లు ఉండరు.

కడుపులో మంట ఆ రోజుల్లోనే మొదలైంది. పక్కటెముకలు కలిసే చోట, లోపల ఎవరో నిప్పుకణిక పెట్టి మరిచిపోయినట్టుండేది. ఏదైనా తింటే కాసేపు సద్దుమణిగి మళ్లీ రాజుకునేది. సానచక్రం ముందు వంగి కూర్చోవడం కష్టమై మధ్యమధ్యలో లేచి గోడకు ఆనుకునేది. షాపు యజమాని చూసి, "నిలబడి అరగదీయడం కొత్త పద్ధతా అక్కా?" అన్నాడు. ఆమె నవ్వి మళ్లీ కూర్చుంది.

ఎదురు వరసలో ఒక మందుల షాపు ఉంది. దాన్ని నడిపే ఆయన సగం డాక్టరు, సగం జ్యోతిష్కుడు. నాలుక చూపించమనేవాడు, రాత్రి ఏం కల వచ్చిందని కూడా అడిగేవాడు. ఆమె మంట మాత్రలు అడిగితే, "మాత్రలు ఎన్నాళ్లని మింగుతారక్కా? లోపల ఏముందో చూద్దాం. వేలు చాపండి, పది నిమిషాల్లో తేలిపోతుంది" అన్నాడు. వేలికొస మీద సూదితో చిన్న పోటు పొడిచి, రక్తపు చుక్కను ఒక తెల్లటి ప్లాస్టిక్ బిళ్లలోని గుంటలో వేసి, దాని మీద ఏదో ద్రవం రెండు చుక్కలు వదిలాడు. ఒక గీత వస్తే బిళ్ల సరిగ్గా పని చేస్తున్నట్టు. రెండో గీత కూడా వస్తే కడుపులో క్రిమి ఉన్నట్టు. దగ్గు మందు కొనడానికి వచ్చినవాళ్లకి చిల్లర ఇచ్చి ఆయన తిరిగి వచ్చేసరికి రెండు గీతలూ వచ్చేశాయి.

"చూశారా, నేననుకున్నదే. కడుపులో పుండు పెట్టే బాక్టీరియా. ఊరికే వదిలేస్తే ముదురుతుంది" అన్నాడు, పందెం గెలిచినవాడి గొంతుతో.

ఆ బిళ్ల పట్టుకుని పక్కవీధి క్లినిక్‌కి వెళ్లింది. అక్కడి డాక్టరు ఎప్పుడూ హడావిడి మనిషి. బిళ్లను ఒకసారి చూసి, రెండు వారాల మందులు రాసి, చీటీ చేతికిస్తూ, "నోటి ద్వారా ఒకరి నుంచి ఒకరికి వస్తుంది. ఎంగిలీ అదీ జాగ్రత్త" అని, తర్వాతి మనిషిని పిలిచాడు.

ఆ ఒక్క మాట ఆమె వెంట ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున గిన్నె తీసుకుని చిట్టెలుక ముందు కూర్చుంది. అలవాటుగా చెంచా పెదవి దాకా వెళ్లింది. ఠక్కున ఆగిపోయింది. లేచి వెళ్లి చెంచా కడిగింది. కడిగిన చెంచా పిల్ల చేతికిచ్చి, "నువ్వు పెద్దదానివయ్యావు, నువ్వే తిను" అంది. పిల్ల వేడిగా ఉందంది. ఊదుకోమంది. ఊదడం రాక పిల్ల సగం ఒలకబోసింది, సగం వదిలేసింది.

తన కంచం, గ్లాసు, చెంచా వేరుగా పెట్టుకుంది. గోళ్లరంగుతో వాటి అడుగున గుర్తులు కూడా పెట్టింది. మరదలు చూసి, "ఇదేంటి వదినా, హాస్టల్లో ఉన్నట్టు" అంది. మందులు అయ్యేదాకా అని చెప్పింది. ఆ మాత్రలకు నోరంతా తుప్పు పట్టిన ఇనుము రుచి, కడుపులో తిప్పడం. అయినా ఒక్క పూట మానలేదు. రెండు వారాలు తిరిగేసరికి మంట చాలావరకు తగ్గింది. ఇక పీడ విరగడైందనుకుని, ఖాయం చేసుకోవడానికి మళ్లీ మందుల షాపుకి వెళ్లి వేలు చాపింది.

రెండు గీతలు.

"ఇంకా ఉన్నట్టే" అన్నాడు ఆయన, ఈసారి కొంచెం జాలిగా.

డాక్టరు మరో రకం మందులు రాశాడు. అవీ అయ్యాయి. ఇంకొన్నాళ్లు ఆగి మళ్లీ పరీక్ష చేయించుకుంది. మళ్లీ రెండు గీతలు. ఈ మూడో బిళ్లను తన షాపుకి తెచ్చుకుని, ఎవరూ లేకుండా చూసి, భూతద్దం బిగించుకుని దీపం కింద పరిశీలించింది. వెంట్రుక మందం తేడాని కూడా పట్టుకునే కన్ను అది. గీత ఉంది. మొదటిసారి కన్నా పలచబడిందా అంటే పలచబడినట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఉందన్నది మాత్రం ఖాయం.

అప్పటినుంచి ఆమె మనసు ఒకే చోట తిరగడం మొదలుపెట్టింది. తనకెప్పటినుంచి ఉందో తెలియదు. అంతకాలం ఒకే చెంచాతో తినిపించింది. ఇప్పటికే పిల్లకి అంటించేసి ఉంటే?

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక బిళ్ల, ఒక సూది కొని ఇంటికి తెచ్చింది. తమ్ముడు, మరదలు ఇద్దరూ ఇంట్లోనే ఉన్నారు. పిల్ల నేల మీద బోర్లా పడుకుని బొమ్మలకు రంగులేస్తోంది.

"ఒక్క చుక్క చాలు, చీమ కుట్టినంత ఉంటుంది. చూసుకుంటే మనకీ ధైర్యం కదా" అంది.

మరదలు పిల్లని దగ్గరికి లాక్కుంది. "పిల్ల నిక్షేపంగా ఉంది వదినా. నొప్పి లేదు, నలత లేదు. సూదెందుకు?"

"నీకు తెలీదు. లోపల ఉన్నా కొన్నాళ్లు బయటపడదు."

"బయటపడినప్పుడు చూద్దాంలే అక్కా" అన్నాడు తమ్ముడు.

"అప్పటికి ముదిరితే?"

"అక్కా, నీ భయం నీ దగ్గర పెట్టుకో. పిల్ల మీద రుద్దకు."

గట్టిగా అనలేదు. వ్యాను తోలే మనిషి, రోడ్డు మీద అరిచి అరిచి ఇంట్లో నెమ్మదిగా మాట్లాడే అలవాటు. కానీ ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. పిల్లమీద తనకు హక్కు లేదని చెప్పినట్టు వినిపించింది. ఆ బిళ్లని సంచీలో పెట్టేసుకుంది.

నెల తిరక్కుండానే ఆమె షాపు దగ్గర ఒక గది చూసుకుంది. "రోజూ బస్సుల్లో పడి రాలేకపోతున్నాను, షాపుకి దగ్గరగా ఉంటుంది" అని చెప్పింది. అసలు సంగతి మూడోసారి కూడా గీత వచ్చిందని ఇంట్లో చెప్పనేలేదు. జబ్బు ఉందని చెప్పుకోవడం ఒక ఎత్తు, అన్ని మందులు మింగినా పోలేదని చెప్పుకోవడం ఇంకో ఎత్తు. తను పక్కకు తప్పుకుంటే పిల్ల క్షేమంగా ఉంటుందని ఆమె లెక్క. తమ్ముడు మాత్రం సూది దగ్గర అన్న మాటకి అలిగి వెళ్లిపోయిందనుకున్నాడు. సామాను దింపి, పరుపు పైకి మోసి, "అలక తీరినప్పుడు రా" అన్నాడు. అలక కాదురా అని ఆమె అనలేదు. అంటే ఏమిటని అడుగుతాడు.

ఆ గది ఒక టైర్ల దుకాణం మీద ఉండేది. కిటికీ తీస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్క. ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కుర్చీ. రెండో కుర్చీ కొనాలని కొన్నాళ్లు అనుకుని, ఎవరు కూర్చుంటారని మానేసింది. మొదట్లో ఒకరికి వండుకోవడం చేతకాక ప్రతిసారీ ఎక్కువయ్యేది. తర్వాత చేతికి కొలత దొరికింది. గోళ్లరంగు గుర్తులున్న కంచం, గ్లాసు అక్కడ అక్కర్లేకపోయినా అవే వాడేది.

షాపులోనూ మెల్లగా దూరం జరిగింది. అంతకుముందు మధ్యాహ్నం కౌంటరు అమ్మాయితో కలిసి తినేది. ఒకరి డబ్బాలోది ఇంకొకరు తీసుకునేవాళ్లు. ఇప్పుడు "పని ఉంది, నువ్వు తినేయ్" అని వెనక గదిలో ఒక్కతే తినడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి పుట్టినరోజుకి కేకు ముక్క నోటికి అందిస్తే మొహం తిప్పుకుంది. అమ్మాయి చిన్నబుచ్చుకుంది. "భూతద్దానికి మనం ఆనం" అని మిగతావాళ్లతో అందట. ఆ తర్వాత ఆమెను ఎవరూ దేనికీ పిలవలేదు. పిలవకపోవడం ఆమెకు ఒకందుకు సుఖంగానే ఉండింది, సాకులు వెతుక్కునే పని తప్పింది.

ఆదివారాలు తమ్ముడింటికి వెళ్లేది. తలుపు దగ్గరి కుర్చీలో కూర్చునేది. టీ ఇస్తానంటే ఇప్పుడే తాగొచ్చానని, భోంచెయ్యమంటే కడుపు బాగాలేదని. మరదలు రెండుసార్లు అడిగి ఊరుకునేది. చిట్టెలుక మొదట్లో ఒళ్లోకి ఎక్కేది, ముద్దు పెట్టబోయేది. ఈమె తల వెనక్కి వంచేసేది. పిల్లలకు అలాంటివి రెండుసార్లు చాలు. మూడోసారి దూరంగా నిలబడి "బాగున్నావా అత్తా" అని అడిగి, బొమ్మల దగ్గరికి వెళ్లిపోయింది. ఆదివారాలు నెలకి ఒకటయ్యాయి, తర్వాత అదీ లేదు. ఫోన్లో పది మాటలు, తెచ్చిపెట్టుకున్న నవ్వు, అంతే.

కడుపు మంట మళ్లీ పెద్దగా రాలేదు. అయినా రోజూ ఒక మంట మాత్ర వేసుకునేది. అప్పుడప్పుడు, మనసు ఆగనప్పుడు, ఒక బిళ్ల కొనుక్కుని గదిలో తనే వేలు పొడుచుకునేది. ప్రతిసారీ రెండో గీత వచ్చేది. అలా రెండేళ్లు పైగా గడిచాయి.

పక్కవీధి క్లినిక్‌లో పాత డాక్టరు వెళ్లిపోయి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఇంకా గట్టి మందులేమైనా వచ్చాయేమో అడుగుదామని ఆమె వెళ్లింది. ఈ డాక్టరమ్మకి హడావిడి లేదు. కుర్చీ చూపించి కూర్చోమంది.

"ఇప్పుడు నొప్పి ఎలా ఉంది?"

"నొప్పేం లేదమ్మా."

"వాంతులు, బరువు తగ్గడం, నల్లగా విరేచనం అవడం?"

"అవేం లేవు."

"మరి మందులెందుకు?"

ఆమె సంచీలోంచి నెల కిందటి బిళ్ల తీసి బల్ల మీద పెట్టింది. ఇలాంటివి ఇప్పటిదాకా ఎన్ని చేసుకుందో, రెండు రకాల మందులు ఎలా వాడిందో చెప్పింది. డాక్టరమ్మ బిళ్లను చేతిలోకి తీసుకోలేదు. ఒక క్షణం ఆమె మొహంలోకే చూసింది.

"మందులు వాడాక ఈ పరీక్ష చెయ్యమని ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. పోయిందో లేదో చూసుకుందామని."

"పోయిందో లేదో ఇది చెప్పలేదమ్మా. ఇది క్రిమిని వెతకదు. ఆ క్రిమితో పోట్లాడ్డానికి మీ ఒంట్లో కొన్ని పదార్థాలు తయారవుతాయి. రక్తంలో అవి ఉన్నాయా అని చూస్తుంది. క్రిమి చచ్చిపోయినా అవి వెంటనే పోవు. నెలల తరబడి ఉంటాయి, కొందరిలో ఏళ్ల తరబడి ఉంటాయి. గీత వచ్చిందంటే ఎప్పుడో ఒకప్పుడు క్రిమి వచ్చి ఉండొచ్చని. ఇవాళ ఉందని కాదు."

ఆమెకు అర్థమైంది. బల్ల మీది బిళ్లను తన వైపు లాక్కుంది. "మరి మొదటిసారి చూపించింది?"

"అప్పుడు ఉండి ఉండొచ్చు. కానీ ఈ పరీక్షలు కొందరికి లేకపోయినా ఉన్నట్టు చూపిస్తాయి, కొందరికి ఉన్నా లేనట్టు చూపిస్తాయి. ఇది ఒక్కటే నమ్ముకుని మందులు మొదలుపెట్టకుండా ఉండాల్సింది."

"కానీ మందులకి మంట తగ్గింది కదమ్మా."

"క్రిమి పోయి తగ్గి ఉండొచ్చు. వాటితో పాటు ఇచ్చిన మంట మాత్ర వల్ల కూడా తగ్గి ఉండొచ్చు. అది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. ఇప్పుడు ఉందా లేదా అన్నది మాత్రం తేల్చొచ్చు. పెద్దాసుపత్రిలో ఊపిరితో చేసే పరీక్ష ఉంది. మంట మాత్రలు రెండు వారాలు మానేసి వెళ్లండి. అవి వేసుకుంటూ వెళ్తే ఉన్నా కనపడకపోవచ్చు."

ఆమె లేవబోయి ఆగింది. "ఇంట్లో చిన్నపిల్ల ఉంది. నా నుంచి అంటుకుంటుందని విడిగా ఉంటున్నాను."

"ఎన్నాళ్లనుంచి?"

ఆమె చెప్పింది. డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టేసింది. "లోకంలో చాలామందికి ఈ క్రిమి ఉంటుంది. ఎక్కువమందికి చిన్నప్పుడే వస్తుంది, చాలామందికి ఏ బాధా ఉండదు. ఒక చెంచాతో తినకపోతే మంచిదే, నిజమే. కానీ దీనికోసం ఎవరూ ఇల్లు వదిలి వెళ్లక్కర్లేదమ్మా."

మాత్రలు మానేసిన ఆ రెండు వారాలూ మంట కాస్త తిరిగొచ్చింది. చల్లటి పాలు తాగుతూ ఓర్చుకుంది. పరీక్ష రోజున పరగడుపున ఆసుపత్రికి వెళ్లింది. ఒక సంచీలోకి ఊదమన్నారు. ఏదో పుల్లటి ద్రవం తాగించి అరగంట కూర్చోబెట్టారు. మళ్లీ ఇంకో సంచీలోకి ఊదమన్నారు. బయట బెంచీ మీద ఆమెతో పాటు ఎదురుచూసేవాళ్లందరికీ పక్కన ఎవరో ఒకరున్నారు. ఒకావిడ భర్త ఆమె చెప్పులు కూడా పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నానికి రిజల్టు వచ్చింది. కిటికీ దగ్గరి మనిషి "నెగెటివ్" అన్నాడు.

"అంటే?"

"లేదమ్మా. ఏం లేదు."

ఆమె మళ్లీ బెంచీ మీద కూర్చుంది. ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఈ మాట ఎవరికి చెప్పాలి? పోయిందని చెప్పాలంటే ముందు ఉందనుకున్నానని చెప్పాలి. ఇన్నాళ్లూ ఏమనుకుని దూరంగా ఉన్నదో మొత్తం చెప్పాలి. సంతోషం రావాలి కదా అనుకుంది. రాలేదు. ఎక్కడో వస్తువు పోగొట్టుకుని, ఎక్కడ పోయిందో కూడా గుర్తురాని మనిషిలా అలాగే కూర్చుంది. నేల తుడిచే ఆవిడ వచ్చి కాళ్లు పైకి పెట్టుకోమంటే పెట్టుకుంది.

వచ్చేటప్పుడు మందుల షాపులోకి వెళ్లి సంగతి చెప్పింది. ఆయన చేస్తున్న పని ఆపాడు.

"నిజంగానా అక్కా? నాకు ఈ బిళ్లలు అమ్మినవాడు పది నిమిషాల్లో తేలిపోతుందన్నాడు. అదే నేనూ చెప్పాను." తన వేలికొస చూసుకుంటూ, "నేనూ అప్పుడప్పుడు నా వేలే పొడుచుకుని చూసుకుంటాను. నాకు ఒకటే గీత. ఇప్పుడు దాన్నీ నమ్మాలో లేదో" అన్నాడు. ఆయన్ని తిట్టాలని వెళ్లింది. తిట్టబుద్ధి కాలేదు.

ఆ ఆదివారం తమ్ముడింటికి వెళ్లింది. వాళ్లు అప్పుడే భోజనాలకు కూర్చోబోతున్నారు. తలుపు దగ్గరి కుర్చీ అక్కడ లేదు. నిలబడే, ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పేసింది. గీతల సంగతి, గది సంగతి, కేకు సంగతి, డాక్టరమ్మ అన్న మాట.

తమ్ముడు చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. "అంటే నామీద కోపం కాదా?" అన్నాడు.

"కాదురా."

"ఒక్క ముక్క చెప్పలేకపోయావా అక్కా? రెండేళ్లు. నేనన్న మాట పట్టుకుని నువ్వు రావట్లేదని, నేను ఎన్నిసార్లు..." అని ఆపేసి, లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

మరదలు చీర కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "నా వంట నచ్చక తినట్లేదనుకున్నాను వదినా. నువ్వొస్తావని తెలిసినప్పుడల్లా కారం తగ్గించి చేసేదాన్ని."

చిట్టెలుక ఇప్పుడు ఏడేళ్లది. ముందుపళ్లు ఊడి కొత్తవి సగం వచ్చాయి. అందరి మొహాలూ చూసి, "అత్తా, నువ్వు మాతోపాటు ఉండేదానివా?" అని అడిగింది.

"ఉండేదాన్ని. వంటింటి పక్క గదిలో."

"అది నా గది కదా" అంది పిల్ల, ఎవరో పొరపాటు చేస్తే సరిదిద్దినట్టు.

ఆ పూట ఆమె వాళ్లతో కలిసి తింది. మరదలు వడ్డిస్తూనే ఉంది. ఇన్నాళ్లూ కొలిచి తిన్న కడుపు, రెండోసారి వడ్డించేసరికే నిండిపోయింది. అయినా వద్దనలేదు. పిల్ల తన కంచంలో తనే తింది, వేడిగా ఉంటే తనే ఊదుకుంది, తినేసి ఎవరూ చెప్పకుండానే వెళ్లి కంచం కడిగేసింది. మేనత్త ఆ చేతుల్నే చూస్తూ కూర్చుంది. ఎప్పుడు నేర్చుకుందో ఆమెకు తెలియదు.

తిరిగి వచ్చేయమని తమ్ముడు అడిగాడు. హాల్లో మంచం వేద్దామన్నాడు. ఆమె ఆలోచిస్తానంది గానీ వెళ్లలేదు. ఇప్పటికీ టైర్ల దుకాణం మీది గదిలోనే ఉంటోంది. ఎవరూ లేని గదిలోకి వెళ్లి దీపం వేసుకోవడం అలవాటైపోయిందని, నలుగురున్న చోట రెండు గంటలకే అలసట వస్తోందని మరదలితో అంది. షాపులో కౌంటరు అమ్మాయి ఈలోగా పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లిపోయింది. ఆ అమ్మాయికి సంగతి చెప్పే అవకాశం రాలేదు. కొత్తగా వచ్చినవాళ్లకి వెనక గదిలో ఒక్కతే తినే మనిషిగానే ఆమె తెలుసు. పిలవాలని వాళ్లకి తోచదు, వెళ్లాలని ఈమెకి తోచదు.

ఆ ఆదివారం సాయంత్రం మాత్రం తమ్ముడు ఆమెతో పాటు బస్‌స్టాపు దాకా నడిచాడు. వ్యానుకి బ్రేకులు మార్పించాలన్నాడు. బేకరీ వాళ్లు కొత్త రూటు ఇస్తున్నారన్నాడు. ఆమె వింది. వరసగా రెండు బస్సులు వచ్చాయి, రెండూ ఆమె ఎక్కాల్సినవి కావు. ఎండ తగ్గి గాలి మొదలైంది.

"వచ్చే ఆదివారం పిల్లకి ఈత క్లాసు. పదకొండుకల్లా అయిపోతుంది" అన్నాడు.

"నేను తీసుకెళ్లనా?"

"నీళ్లంటే భయం కదా నీకు."

"నేను దిగుతానా ఏంటి? గట్టు మీద కూర్చుంటాను."

తమ్ముడు ఒప్పుకున్నాడు. బస్సొచ్చింది. ఖాళీగా ఉంది. ఆమె కిటికీ పక్క సీట్లో కూర్చుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, టికెట్టు కోసం చిల్లర తీసింది.